అమ్మ కూడా వేడిగా తినే హోటలు ఏది?

హైదరాబాద్ ప్రయాణమంటే మా ఇంట్లో రెండు రోజుల ముందు నుంచే హడావిడి. నాకు అత్తగారిల్లు నల్లగొండ, తల్లిగారిల్లు మహబూబ్‌నగర్. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా అడ్డదారి ఉంది గానీ, ఇద్దరు పిల్లల్ని, మూడు సంచుల్ని పట్టుకుని అక్కడక్కడా బస్సులు మారే ఓపిక నాకు లేదు. అందుకే హైదరాబాద్ మీదుగానే వెళ్తాం. ఇటు నుంచి ఓ వంద కిలోమీటర్లు, అటు మరో వంద. మధ్యలో ఇమ్లీబన్ బస్టాండు. విచిత్రమేమిటంటే, పిల్లలకి ఆకలి సరిగ్గా ఆ మధ్యలోనే అవుతుంది!

‘అమ్మా, ఆకలైతుంది’ అన్న మాట చెవిన పడగానే నా గుండెల్లో రాయి పడుతుంది. అంత పెద్ద నగరంలో హోటళ్లకి కొదవా అంటారా? నిజమే, అడుగడుగునా హోటలే. 2019లో యునెస్కో వాళ్లు ఆహారానికి పేరుపడ్డ సృజనాత్మక నగరాల జాబితాలో హైదరాబాద్‌ని చేర్చారు కూడా. బిర్యానీ, హలీం, మిర్చీ కా సాలన్... పేర్లు వింటేనే పెద్దవాళ్ల నోరూరుతుంది. కానీ మూడేళ్ల పిల్లాడు ఏం తినాలి? వాడికి తినిపిస్తూ వాళ్లమ్మ ఎప్పుడు తినాలి?

పిల్లల్ని వెంటేసుకుని పట్నం వెళ్లే ప్రతి తల్లికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి ఉచిత ప్రయాణం వచ్చాక, పిల్లలతో పట్నం బయల్దేరే ఆడవాళ్లు మా బస్సులోనే బోలెడంత మంది కనిపిస్తున్నారు. అందుకే నాకు తెలిసిన నాలుగు ముక్కలు మీతో పంచుకుందామనిపించింది.

అమ్మ కట్టిన సద్ది

మా చిన్నప్పుడు అమ్మకి ఈ బాధ లేదు. ఎందుకంటే అమ్మ అసలు హోటలు గడపే తొక్కేది కాదు! బస్టాండు 1994లో గౌలిగూడ నుంచి ఇమ్లీబన్‌కి మారిన రోజుల సంగతి ఇది. స్టీలు టిఫిన్లో పులిహోర, పెరుగన్నం, తెల్లగుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి ఆమె సంచిలో ఉండేవి. జూపార్కులో చెట్టు కింద దుప్పటి పరిచి అందరికీ వడ్డించేది. అప్పటి ఇరానీ హోటళ్లలో హాలంతా మగవాళ్లే. ఆడవాళ్లు, పిల్లలు వస్తే ఓ మూలన పరదా కట్టిన ‘ఫ్యామిలీ రూము’లోకి పోవాలి. ఆ పరదా వెనక కూర్చోవడం అమ్మకి నామోషీ.

అమ్మ సద్ది బాగుండేది. కాకపోతే ఆ సద్ది కోసం ఆమె తెల్లవారుజామున మూడు గంటలకి లేచేదన్న సంగతి నాకు పెళ్లయ్యాక గానీ తట్టలేదు. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తను తినేది. ప్రయాణం మాకు పండగ, ఆమెకి మాత్రం వంటిల్లు భుజాన వేసుకుని తిరగడం.

మన తరం ఆ గడప తొక్కింది. మరి మన కంచంలోకి వేడి అన్నం వచ్చిందా?

ఆ రోజు మెట్ల మీద

రెండేళ్ల కిందటి మాట. మా చిన్నోడికి అప్పుడు రెండున్నరేళ్లు, పాపకి ఏడు. డాక్టరుకి చూపించుకుని బయటపడేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎదురుగా అద్దాల తలుపులతో పెద్ద రెస్టారెంటు. పేరెందుకులెండి. ‘పిల్లలు అలిసిపోయిన్రు, ఖర్చయినా మంచి దాంట్లోనే తిందాం’ అన్నారు మా వారు.

లోపల చల్లగా ఉంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. అట్ట పుస్తకం లాంటి మెనూ కార్డులో పేర్లు ఓ వంద ఉన్నాయి గానీ, రెండున్నరేళ్ల వాడు తినేది ఒక్కటీ లేదు. ‘కొంచెం తెల్లన్నం, పెరుగు ఇస్తారా అన్నా?’ అని అడిగాను. ‘కార్డుల ఉన్నదే ఇస్తం మేడమ్’ అన్నాడు సర్వరు. కారం ఉండదని అతను చెప్పిన ఫ్రైడ్ రైస్ తెప్పించాం. అది రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మొదటి ముద్దకే మిరియాల ఘాటుకి మా వాడు గుక్క పట్టాడు. చుట్టూ బల్లల దగ్గరి వాళ్లంతా మావైపే చూపులు! నేరం చేసిన దానిలా వాణ్ని ఎత్తుకుని బయటి మెట్ల మీద నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి నా ప్లేటులో అన్నం చల్లారి బిగుసుకుపోయింది. పాప వదిలేసిన నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని లేచాను. బిల్లు పదకొండు వందలు. చిన్నోడి కడుపు నింపింది మాత్రం బస్టాండులో కొన్న రెండు అరటిపళ్లు.

ఇంటికొచ్చే బస్సులో పాప అడిగింది. ‘అమ్మా, నువ్వెప్పుడూ మేం మిగిల్చిందే తింటవెందుకు? నీకు ఆకలి కాదా?’

నా దగ్గర జవాబు లేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చౌటుప్పల్ దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. నేను అమ్మ దగ్గర చూసిందే చేస్తున్నాను. నా దగ్గర చూసి రేపు ఇది కూడా అదే చేస్తుంది.

అప్పట్నుంచి పిల్లలకి మంచి హోటలు అంటే ఏమిటో నా లెక్క మారింది. పిల్లాడి కడుపు నిండాలి, అమ్మ కూడా కూర్చుని వేడిగా తిని లేవాలి. ఈ రెండూ జరిగితేనే అది మంచి హోటలు. బయట బోర్డు ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి.

పేరు కాదు, తీరు చూడాలి

ఆ తర్వాతి ప్రయాణంలో కాచిగూడ వైపు ఓ మామూలు టిఫిన్ హోటల్లోకి వెళ్లాం. ఏసీ లేదు, రాతి బల్లలు. చిన్నోణ్ని చూడగానే అక్కడి పెద్దాయన అడక్కుండానే ఒక ఇడ్లీ తెచ్చి, చిన్న ప్లేటులో నాలుగు ముక్కలు చేసి చల్లారబెట్టాడు. ‘బాబుకి సాంబారు వద్దమ్మా, చక్కెర గానీ నెయ్యి గానీ తెస్త’ అన్నాడు. మా వాడు ఇడ్లీతో కుస్తీ పడుతుంటే నేను పదిహేను నిమిషాలు నిశ్చింతగా దోశ తిన్నాను. అయిన ఖర్చు ఆ రెస్టారెంటు బిల్లులో నాలుగో వంతు కూడా లేదు.

అందుకే లోపలికి వెళ్లగానే నేను నాలుగు చూస్తాను. ఒకటి, అక్కడ ఇప్పటికే వేరే పిల్లలు తింటున్నారా? పిల్లలున్న కుటుంబాలు వచ్చే చోట సర్వర్లకి ఓపిక ఉంటుంది. రెండు, చేతులు కడిగే చోటు. నీళ్లు, సబ్బు ఉండి శుభ్రంగా ఉంటే వంటింటి మీద కూడా కొంత నమ్మకం కలుగుతుంది. మూడు, వచ్చే ప్లేట్లలో పొగలు కనిపిస్తున్నాయా? వేడిగా వండి వేడిగా తెచ్చిన దాంట్లో రోగాల భయం తక్కువ. ముందే కోసిన పండ్ల ముక్కలు, ఎప్పటిదో తెలియని పచ్చి చట్నీ, ఐసు... భయమంతా వీటితోనే. నాలుగు, గోడవార ఒక బల్ల. వంటింటి తలుపుకి, సర్వర్లు మరిగే సాంబారు బక్కెట్లతో తిరిగే దారికి అది దూరంగా ఉండాలి. పసిబిడ్డకి పాలివ్వాల్సిన తల్లికీ ఆ మూల బల్లే సౌకర్యం.

ఇంకో సంగతి. హోటలు వాళ్లు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన లైసెన్సుని కనిపించేలా పెట్టాలి. 2022 జనవరి నుంచి ఆ పద్నాలుగు అంకెల నెంబరు బిల్లు మీద కూడా ఉండాలన్నారు. తిన్నది తేడా చేస్తే ఫిర్యాదుకి ఆ బిల్లే ఆధారం. పారేయకండి.

ఏం అడగాలి? ఎలా అడగాలి?

చిన్న ఊళ్ల నుంచి వెళ్లిన మనకి ఒక జబ్బుంది. మొహమాటం! ఏమనుకుంటారోనని కార్డులో ఉన్నదే తెప్పించుకుంటాం. అసలు కూర్చోవడానికి ముందే అడిగేయాలి. ‘చిన్నబాబుకి కారం లేకుండా ఏముంది? ఎంతసేపట్లో వస్తుంది?’ అని. జవాబు నచ్చకపోతే లేచి వచ్చేయడమే. మంచినీళ్లు తాగినంత మాత్రాన డబ్బులు కట్టమనరు కదా!

పెరుగన్నం అంటే అన్నిచోట్లా ఒకటి కాదు. పచ్చిమిర్చి, ఆవాలు, దానిమ్మ గింజలు వేసి ముందే కలిపి ఫ్రిజ్జులో పెడతారు కొందరు. ‘తెల్లన్నం వేరుగా, పెరుగు వేరుగా’ అనడగండి. భోజనం హోటలైతే ప్లేటు భోజనంలోని ముద్దపప్పు, నెయ్యి, అప్పడంతో పిల్లలకి పండగే. అన్‌లిమిటెడ్ భోజనం మాత్రం ఇద్దరు పంచుకుంటే కొన్నిచోట్ల ఒప్పుకోరు, ముందే కనుక్కోవాలి.

టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ, నూనె తక్కువ వేసిన సాదా దోశ, ఉప్మా ఎలాగూ ఉంటాయి. ఆబిడ్స్‌లో 1948 నాటి తాజ్‌మహల్ హోటలు లాంటి పాత శాకాహార హోటళ్లతో నగరానికి ఈ రుచులు కొత్తేం కాదు. చాలామందికి తట్టని వస్తువు ఇంకొకటి ఉంది. ఇరానీ హోటళ్లలో పొద్దున పూట దొరికే కిచిడీ. బియ్యం, ఎర్రపప్పు కలిపి మెత్తగా వండుతారు. పెద్దవాళ్లు ఖీమాతో, నువ్వులు, చింతపండుతో చేసిన ఖట్టాతో తింటారు. పిల్లలకి వట్టి కిచిడీలో కాస్త పెరుగు కలిపి పెడితే చాలు. మసాలా గింజలు తగిలితే తీసేయండి. మా చిన్నోడు ఇప్పుడు నగరమంటే ‘పసుపన్నం’ అంటాడు. ఆ పరదాల హోటలు అంటే మా అమ్మ బెదిరిపోయేది. మనవడు మాత్రం అందులో హాల్లోనే దర్జాగా కూర్చుంటున్నాడు!

కొన్నింటికి మాత్రం కచ్చితంగా వద్దనండి. అయిదేళ్ల లోపు పిల్లలకి పల్లీలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్షపండ్లు అలాగే ఇవ్వకూడదు. గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు చేసివ్వండి. బిల్లు కౌంటరు దగ్గర సోపు గిన్నె చూశారా? అందులో వక్కపలుకులు, చక్కెర గుళికలు ఉంటాయి. పిల్లలు గుప్పెడు తీసి నోట్లో పోసుకునేది మనం డబ్బులు లెక్కపెట్టే ఆ నిమిషంలోనే. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించొద్దని డాక్టర్లు చెబుతారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ సంగతీ మర్చిపోకండి. 2024 అక్టోబరులో మన ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది. మోమోలు తిని చాలామంది ఆస్పత్రి పాలయ్యాక తీసుకున్న నిర్ణయమది. నిషేధం గడువు సంగతి ఎలా ఉన్నా, చిన్నపిల్లలకి మాత్రం ఎప్పుడూ వద్దు.

నీళ్ల గురించి నల్లగొండ వాళ్లకి ఒకరు చెప్పాలా! ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. ఇంటి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు పిల్లలకి వేరే సీసాలో పట్టుకెళ్లడమే మేలు.

నగరం తినే వేళ వేరు

హోటలు ఎంత మంచిదైనా వేళ కాని వేళ వెళ్తే లాభం లేదు. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఎక్కడ చూసినా తొక్కిసలాటే. పన్నెండు కొట్టగానే లోపల ఉంటే బల్ల దొరుకుతుంది, వంట అప్పుడే దిగి ఉంటుంది, సర్వరు మొహం కూడా ప్రశాంతంగా ఉంటుంది. మూడున్నర దాటితే చాలాచోట్ల భోజనం అయిపోతుంది, టిఫిన్లు మొదలవడానికి ఇంకా టైముంటుంది. పిల్లలు గోల పెట్టేది సరిగ్గా అప్పుడే. ఆ పూటకి సంచిలో అరటిపళ్లు, అటుకులు, రెండు చపాతీలు ఉండాలి.

దిగిన చోటే తినాలన్న నియమం కూడా లేదు. నల్లగొండ బస్సులు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే వస్తాయి కాబట్టి అక్కడే దిగి తినొచ్చు. మహబూబ్‌నగర్ నుంచి రైల్లో వస్తే కాచిగూడలో దిగి నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు వెళ్లొచ్చు. ఇమ్లీబన్ దగ్గర మెట్రో రైలు ఉంది. 2020లో జేబీఎస్ దారి కూడా వచ్చి కలిశాక అక్కడ రెండు లైన్ల రైళ్లూ దొరుకుతున్నాయి. బస్టాండు ఎదుట కనపడిన దాంట్లో దూరకుండా, వెళ్లే పని దగ్గరే తినే వీలుంది.

చూసే చోట్లకి సెలవులు కూడా గుర్తుపెట్టుకోండి. జూపార్కు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం ఉండవు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగితే పిల్లల ఏడుపు, ఆకలి రెండూ ఒక్కసారే మొదలవుతాయి. సాయంత్రమైతే 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లతో చేసే ఐస్‌క్రీము చూపించి ఊరించవచ్చు. అన్నం తిన్నాకే సుమా!

పెద్ద మాల్స్‌లోని ఫుడ్ కోర్టుల్ని నేను తీసిపారేయను. ధర ఎక్కువ, చప్పుడు ఎక్కువ. కానీ బాత్‌రూములు, ఎత్తు కుర్చీలు, పిల్లలు అటూ ఇటూ తిరిగే చోటు ఉంటాయి. తలా ఒకటి తినే వీలుంటుంది. పాలిచ్చే తల్లులకి వేరే గది ఉందేమో ముందే అడగండి.

ఆస్పత్రి ప్రయాణమైతే...

మన జిల్లాల నుంచి పిల్లలతో నగరానికి వెళ్లే వాళ్లంతా సరదాకి వెళ్లరు. 1953లో యువరాణి నీలోఫర్ పేరుతో వెలిసిన పిల్లల ఆస్పత్రికి బిడ్డల్ని ఎత్తుకుని వెళ్లే తల్లులు ఎందరో! వాళ్లకి హోటలు వెతికే తీరిక, జేబులో డబ్బు రెండూ తక్కువే. అలాంటి రోజు రోడ్డు పక్క బండి మీది ఇడ్లీ అయినా ఫరవాలేదు. ఆవిరి పాత్రలోంచి కళ్ల ముందు తీసిందై ఉండాలి, చట్నీ లేకుండా పెట్టాలి. వచ్చిన జబ్బుకి ఏం పెట్టొచ్చో, ఏం కూడదో డాక్టరునే అడగండి. బిడ్డకి పెట్టాక మీరూ తినండి. కళ్లు తిరిగి పడిపోతే ఆ బిడ్డని ఎవరు చూస్తారు?

బయటి తిండి పడక విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు మందుల షాపులోనే అడగండి. దాని మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. అట్టడబ్బాల్లో తియ్యటి పానీయాలు ‘ఓఆర్ఎస్’ పేరు పెట్టుకుని అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి వాటి మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాలు ఓఆర్ఎస్ పేరు వాడకూడదని ఆదేశించింది. బిడ్డ నీరసపడినా, మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మగవాళ్లకు ఒక మాట

ఈ పేజీ మీ వారు కూడా చదివేలా బల్ల మీద పెట్టండి! ఎంత మంచి హోటలు వెతికినా, తినిపించే పని ఒక్కరిదే అయితే ఆ ఒక్కరి అన్నం చల్లారక తప్పదు. మా ఇంట్లో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లల ప్లేటు ముందు తెప్పిస్తాం. అది వచ్చాకే మాది చెబుతాం. ఒకసారి తినిపించేది నేనైతే, మరుసటిసారి ఆయన. మొదట్లో ఆయన చేతి ముద్ద తినడానికి మా వాడు మారాం చేశాడు. ఆయన కూడా ‘నీ చేత్తోనే తింటడే’ అని తప్పించుకోబోయారు. నేను నా దోశ మీంచి తల ఎత్తలేదు. మూడోసారికి తండ్రీకొడుకులిద్దరికీ అలవాటైపోయింది.

గుర్తుంచుకోండి

• పిల్లాడి ఆకలి వేళకి అరగంట ముందే హోటల్లో ఉండండి.

• చిన్న స్టీలు ప్లేటు, చెంచా, తడిగుడ్డ, ఒక జత బట్టలు సంచిలో పైన పెట్టుకోండి.

• కారం, ధర, ఎంతసేపు... ఈ మూడూ కూర్చోకముందే అడగండి.

• కొత్త రుచి ఒక చెంచాతో మొదలుపెట్టండి. కొత్తవన్నీ ఒకే పూట వద్దు.

• పడని వస్తువు ఏదైనా ఉంటే సర్వరుకి స్పష్టంగా చెప్పండి.

• మీకు ఆదరంగా పెట్టిన చోటు పేరు రాసిపెట్టుకోండి. పొరుగింటి వదినకి పనికొస్తుంది.

మొన్న సంక్రాంతికి తల్లిగారింటికి పోతూ మళ్లీ ఆ కాచిగూడ హోటల్లోనే ఆగాం. మా వారు చిన్నోడికి ఇడ్లీ తినిపిస్తున్నారు. నా నెయ్యి దోశ వచ్చింది. అంచులు ఎర్రగా, ఇంకా సుయ్‌మంటూ ఉంది. పాప ఒక ముక్క తుంచబోయి ఆగింది. ‘నువ్వు తినమ్మా. నాది వేరే వస్తుంది’ అంది.

వేడి దోశ నాలుక మీద చురుక్కుమంది. ఎన్నాళ్లయిందో అలా తిని!